ఎర్రతోక లేని ఎర్రతోక డేగ

1829లో చలికాలం మొదలవుతున్న రోజుల్లో, లూసియానాలోని సెయింట్ ఫ్రాన్సిస్‌విల్ దగ్గర, జాన్ జేమ్స్ ఆడుబాన్ ఒక పెద్ద పత్తిచేను దాటుతున్నాడు. చేలో, చుట్టూ బెరడు ఒలిచి ఎండబెట్టిన ఒక ఎత్తైన చెట్టు మీద, నల్లటి డేగ ఒకటి నిటారుగా కూర్చుని కనిపించింది. అటువంటి జంట ఒకటి రెండేళ్ళుగా ఆ చుట్టుపక్కల గూడు కడుతోందని ఆయన నమ్మకం. ఎన్నిసార్లు వెతికినా దొరకలేదు. ఈసారి దొరికింది. దొరకడమంటే తుపాకికి దొరకడమే. ఆ కాలంలో పక్షిని పరిశీలించడానికి వేరే పద్ధతి లేదు.

ఆ డేగకి ఆడుబాన్ పెట్టిన పేరు ఫాల్కో హార్లానీ. ఫిలడెల్ఫియాలో ఉండే డాక్టర్ రిచర్డ్ హార్లన్ ఆయనకి మిత్రుడు. ఆ మిత్రుడి పేరు ఒక కొత్త పక్షికి పెట్టాలని చాలాకాలంగా అనుకుంటున్నాననీ, తన కృతజ్ఞతకి తగ్గంత పెద్ద పక్షి దొరికేదాకా ఆగాననీ ఆడుబాన్ తన పుస్తకంలో చెప్పుకున్నాడు. ‘బర్డ్స్ ఆఫ్ అమెరికా’లోని 435 చిత్రాల్లో 86వది ఈ డేగదే. చిత్రం కింద ఇంకో పేరు కూడా ఉంటుంది: బ్లాక్ వారియర్, నల్ల యోధుడు.

ఇంత ఘనంగా లోకానికి పరిచయమైన ఈ డేగ అసలు విడి జాతేనా, లేక అమెరికా అంతటా కనిపించే ఎర్రతోక డేగకే ఒక రూపమా అన్న ప్రశ్న దాదాపు రెండువందల ఏళ్ళుగా నడుస్తోంది. పక్షిశాస్త్రజ్ఞులు దీన్ని కలిపారు, విడదీశారు, మళ్ళీ కలిపారు. పక్షుల మీద ఆసక్తితో మొదలుపెట్టి నేను ఈ తగాదా కాగితాలన్నీ చదువుతూ పోయాను. చదివేకొద్దీ ఇది పక్షుల కథగా మాత్రమే మిగల్లేదు. ఒంటి రంగు చూసి జాతిని తేల్చేయడం ఎంతవరకు చెల్లుతుందన్న ప్రశ్న దీని అడుగున ఉంది. ఆ ప్రశ్నని అదే ఊళ్ళో, అదే స్నేహబృందం, మనుషుల గురించి కూడా వేసుకుంది.

*

ముందు పక్షి సంగతి. తెలుగులో దీన్ని డేగ అనాలా గద్ద అనాలా అన్నదే ఒక చిక్కు. బ్యూటియో అనే ఈ ప్రజాతి పక్షులని ఇంగ్లండులో బజర్డ్ అంటారు, అమెరికాలో హాక్ అంటారు. అమెరికాకి వలసపోయినవాళ్ళు రాబందుకి బజర్డ్ అన్న పేరు అంటగట్టి, అసలు బజర్డ్‌ని హాక్ చేసేశారు. అమెరికా వాడుకని అనుసరించి నేను డేగ అంటున్నాను.

ఎర్రతోక డేగ శాస్త్రీయనామం బ్యూటియో జమైకెన్సిస్. అలాస్కా నుంచి పనామా దాకా, కరీబియన్ దీవులతో సహా విస్తరించి ఉన్న పక్షికి జమైకా పేరు ఎలా వచ్చింది? ఇంగ్లండులో జాన్ లేథమ్ జమైకా నుంచి వచ్చిన ఒక నమూనాని వర్ణించాడు. జర్మనీలో గ్యోటింగెన్‌లో కూర్చున్న గ్మెలిన్ ఆ వర్ణన చదివి 1788లో దానికొక లాటిన్ పేరు పెట్టాడు. అదే పుస్తకంలో అదే పక్షికి ఉత్తర అమెరికా నమూనా ఆధారంగా బొరియాలిస్ అని ఇంకో పేరు కూడా పెట్టాడు. రెండూ ఒకటేనని ఆయనకి తెలియదు. ఒక శతాబ్దంన్నర పాటు పుస్తకాల్లో ‘బొరియాలిస్’ నడిచింది. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో ‘జమైకెన్సిస్’ నిలబడింది. బొరియాలిస్ ఇప్పుడు తూర్పు అమెరికాలో ఉండే ఉపజాతి పేరుగా మిగిలింది.

ఆ తరవాత వరస కట్టాయి పేర్లు. 1855లో జాన్ కాసిన్ పడమటి రాష్ట్రాల పక్షికి కలురస్ అని పెట్టాడు. 1873లో హూప్స్ అనే ఆయన గడ్డిమైదానాల్లోని పాలిపోయిన డేగకి, ఫిలడెల్ఫియాలో పక్షుల చర్మాలు కూరి అమ్మే జాన్ క్రైడర్ పేరు మీద క్రైడరీ అని పెట్టాడు. 1901లో ఫ్లోరిడాది అంబ్రైనస్. 1909లో అలాస్కా తీరానిది అలాసెన్సిస్. 1935లో టెక్సస్ ప్రాంతానిది ఫ్యూర్టెసీ. ఇది ఫ్యూర్టెస్ అనే చిత్రకారుడి పేరు. 1950లో కెనడా దేవదారు అడవులది అబియెటికోలా. దీవులవీ, మధ్య అమెరికావీ కలుపుకుంటే పదిహేను దాకా తేలతాయి. ఎవరు లెక్కపెడుతున్నారన్నదాన్ని బట్టి ఒకటి రెండు అటూ ఇటూ.

వీటిలో కొన్నింటిని విడదీసింది చోటు, కొన్నింటిని విడదీసింది రంగు. గొడవంతా ఇక్కడే ఉంది. తూర్పున ఉండే డేగలు దాదాపు అన్నీ ఒకటే తీరు: పొట్ట తెలుపు, పొట్టకి అడ్డంగా గోధుమరంగు చారల పట్టీ, తోక ఇటుకరంగు. పడమటి కలురస్‌లో మాత్రం మూడు రకాలు కనిపిస్తాయి: తెల్లపొట్టవి, ఒళ్ళంతా కాలిన ఇటుకరంగువి, ముదురు కాఫీరంగువి. ఒకే గూట్లో రెండు రంగుల పిల్లలు ఉండొచ్చు. పైగా ఏ డేగకైనా మొదటి ఏడాది తోక ఎర్రగా ఉండదు, గోధుమరంగు మీద అడ్డగీతలతో ఉంటుంది. ఎరుపు రెండో ఏట ఈకలు మార్చుకున్నాకే వస్తుంది. పాత పుస్తకాల్లోని జాతులు కొన్ని ఇలా పిల్ల పక్షులని పెద్దవనుకుని పెట్టినవే.

హార్లన్ డేగ వీటన్నిటికీ భిన్నంగా ఉంటుంది. ఎక్కువ భాగం నల్లటివే. గోధుమ ఛాయ కలవని బొగ్గునలుపు, రొమ్ము మీద తెల్లటి చారికలు. తోకలో ఎరుపు ఉండదు, లేదా చివర కాస్త మరకలా ఉంటుంది. మురికి తెలుపు, బూడిదరంగు, వాటి మీద సిరా ఒలికినట్టు నిలువు మచ్చలు. ఏ రెండు తోకలూ ఒక్కలా ఉండవు. ఎర్రతోక డేగల జాబితాలో ఎర్రతోక లేని పక్షి ఇది.

నేనుండే ఓక్లహోమాలో జనవరిలో హైవే మీద పోతుంటే మైలుకొక స్తంభం మీద ఎర్రతోక డేగ కనిపిస్తుంది. వాటి మధ్యలో ఎప్పుడో ఒకటి నల్లగా, తెల్లటి తోకతో ఎగురుతుంది. దాన్ని మొదటిసారి చూసినవాళ్ళెవరూ ఇదీ అదీ ఒకటే అనుకోరు. నేనూ అనుకోలేదు. కంటికి నమ్మకంగా కనిపించే ఈ తేడాయే ఆడుబాన్‌కీ సాక్ష్యం.

ఆడుబాన్ నమ్మకంలో ఒకటి మాత్రం నిలబడలేదు. ఈ డేగలు లూసియానాలో గూళ్ళు కట్టవు. అవి పిల్లల్ని చేసేది అలాస్కా లోపలి ప్రాంతాల్లో, యూకాన్‌లో, బ్రిటిష్ కొలంబియా ఉత్తరాన. చలికాలానికి కాన్సస్, ఓక్లహోమా, అర్కన్సా, టెక్సస్, లూసియానాల వైపు దిగుతాయి. పత్తిచేలో కనిపించింది వేల మైళ్ళు దాటి వచ్చిన అతిథి.

*

ఇప్పుడు ఫిలడెల్ఫియా వెళదాం. రిచర్డ్ హార్లన్ వైద్యుడు, శరీరనిర్మాణ శాస్త్రం బాగా తెలిసినవాడు. 1825లో ‘ఫానా అమెరికానా’ పేరుతో ఆ దేశపు క్షీరదాలని క్రమపద్ధతిలో వర్ణించే తొలి ప్రయత్నం చేశాడు. 1834లో లూసియానా నుంచి వచ్చిన పెద్ద పెద్ద వెన్నుపూసలని చూసి, ఇది సముద్రంలో బతికిన సరీసృపం అని తేల్చి దానికి బాసిలోసారస్, అంటే బల్లులకి రాజు, అని పేరు పెట్టాడు. అయిదేళ్ళ తరవాత లండన్‌లో రిచర్డ్ ఓవెన్ ఆ ఎముకలనీ పళ్ళనీ పరీక్షించి అది క్షీరదమని, తిమింగలాల కుటుంబానిదనీ చూపించాడు. కానీ ముందు పెట్టిన పేరే చెల్లుతుందన్న నియమం వల్ల ఆ తిమింగలం ఇప్పటికీ బల్లులరాజే. ఒక్కసారి పేరు పడితే, కింద ఉన్న వస్తువు ఏమిటో మారిపోయినా, పేరు కదలదు. హార్లన్ పేరు మోస్తున్న డేగ విషయంలోనూ ఇది గుర్తుపెట్టుకోదగ్గ సంగతి.

అదే ఊళ్ళో, అదే అకాడమీ ఆఫ్ నేచురల్ సైన్సెస్‌లో శామ్యుల్ జార్జ్ మోర్టన్ కూడా ఉన్నాడు. ఈయనా వైద్యుడే. పక్షుల బదులు మనుషుల పుర్రెలు పోగుచేశాడు. 1839లో ‘క్రానియా అమెరికానా’ ప్రచురించాడు. పుర్రెల్లో గింజలు, సీసపు గుళ్ళు పోసి కొలిచి మనుషులని అయిదు తెగలుగా పేర్చాడు. అన్నిటికన్నా పైన తెల్లవాళ్ళని పెట్టాడు. ఈ సేకరణకి సాయపడ్డవాళ్ళలో ఆడుబాన్ ఒకడు. 1837లో టెక్సస్ వెళ్ళినప్పుడు శాన్ హసింటో యుద్ధభూమిలో పడివున్న మెక్సికన్ సైనికుల పుర్రెలు తెచ్చి మోర్టన్‌కి ఇచ్చాడు. పక్షి చర్మాలు ఎలా చేతులు మారేవో మనిషి పుర్రెలూ అలాగే మారాయి. ఆడుబాన్ మనుషులని కొని అమ్మినవాడు కూడా. సెయింట్ ఫ్రాన్సిస్‌విల్ దగ్గర ఆయన భార్య లూసీ పాఠాలు చెప్పి సంసారం నడిపింది పత్తి తోటల యజమానుల పిల్లలకే. నల్ల డేగ కనిపించిన పొలాలని చదునుచేసింది బానిసలు.

మోర్టన్ 1840ల చివరికి ఇంకో అడుగు వేశాడు. మనిషి తెగలు ఒకే జాతిలోని రకాలు కావు, మొదటినుంచీ వేరువేరు జాతులేనన్నాడు. దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం ఒకటుంది: వేరు జాతులైతే వాళ్ళకి పుట్టిన పిల్లలకి మళ్ళీ పిల్లలు ఎలా పుడుతున్నారు? మోర్టన్ దానికి జవాబుగా జంతువుల్లో, పక్షుల్లో జాతులు దాటి పుట్టి సంతానం కన్న ఉదాహరణలు ఏరి పట్టుకొచ్చాడు. పిల్లలు కలగడం ఒకే జాతి అనడానికి రుజువు కాదని వాదించాడు.

దీన్ని ఎదిరించిన మనిషి కూడా ఆడుబాన్ ఇంటివాడే. చార్ల్‌స్టన్‌లో లూథరన్ మతగురువు జాన్ బాక్‌మన్. ఆడుబాన్‌తో కలిసి అమెరికా చతుష్పాద జంతువుల పుస్తకం రాసినవాడు, ఆయనకి వియ్యంకుడు కూడా; బాక్‌మన్ కూతుళ్ళిద్దరిని ఆడుబాన్ కొడుకులిద్దరూ పెళ్ళాడారు. 1850లో ఆయన మానవజాతి ఒక్కటేనని సైన్సు ఆధారంగా నిరూపిస్తూ ఒక పుస్తకం వేశాడు. మోర్టన్ ఇచ్చిన సంకర ఉదాహరణలని ఒక్కొక్కటీ తీసుకుని, ఇది విన్నమాట, ఇది నమ్మదగ్గది కాదు అని చీల్చి చూపించాడు. ఒకే తల్లిదండ్రులకి పుట్టే కోళ్ళలో, పావురాల్లో, పశువుల్లో ఎన్ని రంగులు, ఎన్ని ఆకారాలు రావడం లేదు? మనిషిలోనూ అంతే అన్నాడు. ఆ వాదం చదువుతుంటే మనసుకి హాయిగా ఉంటుంది. కానీ ఇదే బాక్‌మన్ బానిసల యజమాని. 1860లో దక్షిణ కరోలినా యూనియన్ నుంచి విడిపోయే సభలో ప్రార్థన చేసింది ఆయనే. మనుషులంతా ఒకే జాతి అని రుజువు చేసినవాడికి, ఆ జాతిలో కొందరిని సొంత ఆస్తిగా ఉంచుకోవడం తప్పనిపించలేదు.

ఈ సంగతి నన్ను చాలా రోజులు వదల్లేదు. తప్పుడు సైన్సు వల్ల అన్యాయం జరిగింది, సరైన సైన్సు వస్తే పోతుంది అని మనం తేలిగ్గా అనేస్తుంటాం. బాక్‌మన్ జీవశాస్త్రం సరైనదే. అది ఆయన ఇంట్లో ఒక్క మనిషినీ విడిపించలేదు.

*

జాతి అన్న మాట దగ్గర తెలుగువాడిగా నాకు ఇంకో ఇబ్బంది ఉంది. ఇంగ్లీషులో స్పీషీస్, రేస్, నేషన్, బ్రీడ్ అని నాలుగు మాటలున్న చోట మనం జాతి అనే ఒక్క మాటతో నెట్టుకొస్తాం. పక్షి జాతి, నల్లజాతి, తెలుగుజాతి, జాతి గుర్రం. వాక్యంలో ఏది ఏదో సందర్భాన్ని బట్టి తెలియాల్సిందే. అందుకే ఈ వ్యాసం రాస్తుంటే, డేగల గురించి రాసిన ప్రతి వాక్యమూ మనుషుల గురించి రాసినట్టు వినిపిస్తోంది.

కానీ రంగుకీ వంశానికీ ఉన్న తేడా విషయంలో మన పల్లెటూళ్ళకి ఒక మంచి పద్ధతి ఉంది. గోదావరి జిల్లాల్లో కోడిపుంజులకి పెట్టే పేర్లు చూడండి. ఎర్రటి ఈకలుంటే డేగ, నల్లగా ఉంటే కాకి, తెల్లగా ఉంటే సేతువ. ఇంకా నెమలి, పర్ల, కౌజు, మైల, పింగళి. రెండు రంగులు కలిస్తే కాకిడేగ. ఇవన్నీ ఈకల పేర్లు. ఏ రోజు ఏ రంగు పుంజు దేనిమీద గెలుస్తుందో కుక్కుటశాస్త్రం లెక్కలు చెబుతుంది. ఒకే పెట్ట కింద పొదిగిన పిల్లల్లో ఒకటి డేగ, ఒకటి కాకి అయితే ఎవరూ ఆశ్చర్యపోరు. ఇక వంశం సంగతి అడిగితే అది వేరే మాట: ఇది ఫలానా వారి పుంజు పిల్ల, ఫలానా పెట్ట కడుపు అని విడిగా చెబుతారు. రంగుకి ఒక పేరు, పుట్టుకకి ఒక పేరు. రెండూ కలిపెయ్యరు.

పక్షిశాస్త్రం ఈ తేడాకి రావడానికి చాలాకాలం పట్టింది. ఒకే సంతతిలో పక్కపక్కనే పుట్టే రంగుల తేడాని ఇప్పుడు మార్ఫ్ అంటారు. ఒక ప్రాంతానికి పరిమితమై, అక్కడి పక్షులన్నిటికీ మొత్తంగా వర్తించే తేడా ఉంటే ఉపజాతి. తమలో తాము తప్ప ఇతరులతో సాధారణంగా జతకట్టకపోతే జాతి. 1942లో ఎర్న్‌స్ట్ మేయర్ ఈ చివరిదాన్ని సూత్రంగా చెప్పాక జతకట్టడమే ప్రధాన పరీక్ష అయింది. హార్లన్ డేగతో వచ్చిన చిక్కల్లా అది ఈ మూడు గళ్ళలో దేనిలోనూ పూర్తిగా ఇమడదు. నల్లరంగు వరకు మార్ఫ్ లాంటిది, ఎందుకంటే తెల్లపొట్ట హార్లన్ డేగలూ ఉన్నాయి. గూడు కట్టే చోటు చూస్తే ఉపజాతి. తోక చూస్తే వేరే జాతి.

జాబితాలు రాసేవాళ్ళు అందుకే ఊగిసలాడారు. అమెరికన్ ఆర్నితాలజిస్ట్స్ యూనియన్ 1957లో వేసిన అయిదో జాబితాలో హార్లన్ డేగ ప్రత్యేక జాతి. 1973లో దాన్ని మళ్ళీ ఎర్రతోక డేగలో కలిపేశారు. 1983లో డేవిడ్ మిండెల్ ‘ది ఆక్’ పత్రికలో ఇది చెల్లుబాటయ్యే ఉపజాతే అని, జాతి అనక్కర్లేదని, మార్ఫ్ అని కొట్టెయ్యనూ వద్దని మధ్యేమార్గం చెప్పాడు. ఉత్తరాన వీటి గూళ్ళ ప్రాంతం కలురస్ గూళ్ళ ప్రాంతాన్ని తాకే చోట రెండు పోలికలూ కలిసిన పక్షులు కనిపిస్తాయి. తోకలో సగం ఎరుపు, సగం బూడిద. చోటు మారినకొద్దీ ఒకటి ఇంకోదానిలోకి కరిగిపోవడమే వాదానికి బలం.

*

ఆ తరవాత జన్యువుల వంతు వచ్చింది. 2010లో జాషువా హల్, మిండెల్, ఇంకా కొందరు కలిసి ‘బీఎంసీ ఎవల్యూషనరీ బయాలజీ’లో ఒక పరిశోధన ప్రచురించారు. హార్లానీ, బొరియాలిస్, కలురస్ అనే మూడు ఉపజాతులని మూడు రకాలుగా పోల్చారు. కేంద్రకంలోని డి.ఎన్.ఎ.లో, వేగంగా మారే 17 చోట్లు. తల్లి ద్వారా మాత్రమే వచ్చే మైటోకాండ్రియా డి.ఎన్.ఎ.లో 430 అక్షరాల ముక్క. రంగుకి సంబంధం ఉన్న ఎంసీ1ఆర్ అనే జన్యువులో 829 అక్షరాలు.

ఫలితం సూటిగా ఉంది. కేంద్రకపు గుర్తులని కంప్యూటరుకిచ్చి వీటిని గుంపులుగా విడదీయమంటే, హార్లానీనీ బొరియాలిస్‌నీ అది విడదీయలేకపోయింది. ఆ రెంటి మధ్య ఉన్న కాస్త తేడా, చూడ్డానికి ఒకలాగే ఉండే బొరియాలిస్, కలురస్‌ల మధ్య ఉన్న తేడాకి సమానం. అంటే కంటికి ఎంతో దూరంగా కనిపించే జంటా, దగ్గరగా కనిపించే జంటా జన్యువుల్లో ఒకే దూరంలో ఉన్నాయి. మూడింటి మధ్యా రాకపోకలు, అంటే జన్యువుల ప్రవాహం, ఎక్కువగానే ఉందని అంచనా వచ్చింది. హార్లన్ డేగని విడి జాతి అనడానికి ఇందులో ఆధారమేమీ లేదని వాళ్ళు తేల్చారు.

మూడో పరీక్ష ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఎంసీ1ఆర్ అనేది ఈకల్లో, బొచ్చులో నలుపు ఎంత చేరాలో నిర్ణయించే మీటల్లో ఒకటి. బనానాక్విట్ అనే చిన్న పిట్టలో నల్లరూపు, స్నో గూస్ అనే బాతులో నీలిబూడిద రూపు, ఎడారి ఎలుకల్లో నలుపు, వీటన్నిటికీ ఈ జన్యువులోని మార్పే కారణమని అప్పటికే తేలింది. డేగలోనూ అదే అయివుంటుందని అనుకోవడం సహజం. కాదు. నల్ల హార్లానీలోగానీ, కలురస్‌లోని నల్లవాటికీ తెల్లవాటికీ మధ్యగానీ, ఈ జన్యువులో నిలకడైన తేడా ఏదీ కనిపించలేదు. డేగ నలుపు వేరే దారిలో వచ్చింది. నల్లగా కనిపించే రెండు ప్రాణుల నలుపు ఒకటే నలుపు కానక్కర్లేదు.

మరి నలుపు ఎందుకు నిలిచింది? 1973లో డెనిస్ పాల్సన్ ఒక ఊహ చెప్పాడు. వేటాడే పక్షి ఎప్పుడూ ఒకే రంగులో కనిపిస్తే, ఎర జంతువులు ఆ రంగుని గుర్తుపట్టి తప్పుకోవడం నేర్చుకుంటాయి. అరుదైన రంగులో వచ్చినదానికి కాస్త లాభం. ఆ రంగు పెరిగితే లాభం పోతుంది. అలా రెండు రంగులూ బతుకుతాయి. జర్మనీలో బ్యూటియో బ్యూటియో అనే దగ్గరి చుట్టం మీద జరిగిన పరిశోధన 2001లో ఇంకొకటి చెప్పింది. అక్కడ మరీ నల్లవీ, మరీ తెల్లవీ కాక మధ్యరంగు పక్షులే ఎక్కువ పిల్లల్ని పెంచుతున్నాయి. అయినా ఈ పక్షులు జత వెతుక్కునేటప్పుడు తమ తల్లి రంగునే ఎంచుకుంటాయట, తమకి నష్టమైనా సరే. ఇది చదివినప్పుడు మన పెళ్ళిసంబంధాలు గుర్తుకురాకుండా ఉండవు.

*

ఇక్కడితో తేలిపోయిందనుకుంటే పొరపాటు. 2018లో విలియం క్లార్క్ ‘జూటాక్సా’లో పెద్ద వ్యాసం రాసి, హార్లన్ డేగని మళ్ళీ జాతిగా నిలబెట్టాలన్నాడు. దశాబ్దాల పాటు మ్యూజియం సొరుగుల్లో ఈ చర్మాలని, ఆకాశంలో ఈ పక్షులని చూసిన మనిషి. మిగతా ఎర్రతోక డేగల్లో ఏ రెంటి మధ్యా లేనంత తేడా దీనికీ మిగతావాటికీ ఉందని ఆయన వాదన. జాబితా కర్తలు ఒప్పుకోలేదు. అది ఇప్పటికీ ఉపజాతిగానే ఉంది.

క్లార్క్ మాటని కొట్టిపారెయ్యడం కూడా తేలిక కాదు. 2010 పరిశోధన చూసిన గుర్తుల్లో చాలావరకు ఏ పనీ చేయని డి.ఎన్.ఎ. ముక్కలు. అవి చుట్టరికాన్ని చెబుతాయి, రూపాన్ని చెప్పవు. 2014లో యూరపు కాకుల మీద వచ్చిన పరిశోధన దీనికి మంచి ఉదాహరణ. అక్కడ పడమట పూర్తిగా నల్లటి కాకి, తూర్పున బూడిదరంగు చొక్కా తొడుక్కున్నట్టుండే కాకి ఉన్నాయి. కలిసే చోట రెండూ జతకడతాయి. మొత్తం జీనోములు చదివి పోలిస్తే రెంటి మధ్య స్థిరంగా ఉన్న తేడాలు 82 మాత్రమే. అందులో 81 ఒక్క క్రోమోజోములో ఒక్క చోటే గుమిగూడి ఉన్నాయి. ఆ కాస్త చోటులోనే రంగుకి సంబంధించిన జన్యువులున్నాయి. జీనోమంతా కలిసిపోతున్నా ఆ ఒక్క ముక్క వల్ల రెండు కాకులూ రెండుగానే కనిపిస్తూ ఉండగలుగుతున్నాయి. హార్లన్ డేగ తోక వెనకా ఇలాంటి చిన్న ముక్కే ఉండొచ్చు. అప్పుడు ఆడుబాన్ కన్నూ అబద్ధం చెప్పలేదు, హల్ లెక్కలూ తప్పు కాదు. ఇద్దరూ చూసింది వేరువేరు సంగతులు.

నాకు అర్థమైనంతవరకు ఈ తగాదా నేర్పేది అదే. రంగు అబద్ధమని ఎవరూ అనలేరు. హార్లన్ డేగ నిజంగానే నల్లగా ఉంది, తోక నిజంగానే వేరు. ఆ రంగు మిగతా ఒంటి గురించి, వంశం గురించి ఎంత చెబుతుందన్నదే ప్రశ్న. డేగల్లో చాలా తక్కువే చెప్పింది. మనుషుల్లో ఇంకా తక్కువ. మోర్టన్ ఎక్కడ పొరబడ్డాడంటే, కంటికి కనిపించిన తేడాని అట్ట మీది పేరుగా తీసుకుని లోపలి పుస్తకమంతా అదేనన్నాడు.

ఇక పేరు సంగతి. 2023 నవంబరులో అమెరికన్ ఆర్నితలాజికల్ సొసైటీ, తన పరిధిలో మనుషుల పేర్లు మోస్తున్న పక్షి జాతుల ఇంగ్లీషు పేర్లన్నీ మారుస్తామని ప్రకటించింది. అదే ఏడాది మార్చిలో నేషనల్ ఆడుబాన్ సొసైటీ మాత్రం తన పేరు మార్చుకోకూడదని నిర్ణయించుకుంది. హార్లన్ డేగ జాతి కాదు కాబట్టి ఆ మార్పుల జాబితాలోకి రాదు. క్లార్క్ కోరినట్టు దాన్ని జాతిగా ఒప్పుకుంటే మాత్రం, అదే క్షణంలో దానికి కొత్త ఇంగ్లీషు పేరు వెతకాలి. డాక్టర్ హార్లన్ పేరు ఆ పక్షి మీద నిలవాలంటే అది విడి జాతి కాకుండా ఉండాలి. విడి జాతి అనుకుని ఇచ్చిన గౌరవం, కాదన్నందువల్ల మిగిలింది.

లాటిన్ పేరు మాత్రం ఎలాగూ పోదు. హార్లానీ అన్న మాట, బల్లులరాజు అనిపించుకుంటున్న తిమింగలంలాగే, ఎవరు ఎలా తేల్చినా ఉంటుంది. మార్చి నెల వచ్చేసరికి మా వైపు స్తంభాల మీంచి నల్ల డేగలు ఒక్కొక్కటే ఖాళీ అవుతాయి. యూకాన్ చేరాక వాటిలో కొన్ని తమలాంటి బూడిదతోక దానితోనూ, కొన్ని ఎర్రతోక దానితోనూ గూడు కడతాయి. ఆ గూళ్ళలో పిల్లలు ఏ తోకలతో పైకి వస్తాయో అన్నదాన్ని బట్టే వచ్చే జాబితా రాయాల్సి ఉంటుంది.